పాత పంపు షెడ్డు సిపాయి

గల్ఫ్‌లో ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేట. అక్కడ ఒక లేబర్ క్యాంపు వెనక గేటు దాటితే రెండొందల గజాల దారి. దారి చివర బస్సులు ఆగే ఖాళీ జాగా. ఈ రెండింటి మధ్యా ఒక పంపు షెడ్డు. ఒకప్పుడు క్యాంపంతటికీ నీళ్ళు తోడింది. మోటారు ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయారు. రేకులు మిగిలాయి. పేరు మిగిలింది... చెడ్డ పేరు.

అక్కడ ఒక సిపాయి తిరుగుతాడని.

అన్ని రోజులూ కాదు. చలికాలం, పొగమంచు దిగిన తెల్లవారుజామున మాత్రమే. మనిషి కనపడడు. టక్... టక్... టక్... అని చప్పుడు. మేకులు కొట్టిన బూట్లు కాంక్రీటు మీద పడితే ఎలా ఉంటుందో అలా. మనం నడిస్తే నడుస్తుంది. మనం ఆగితే — ఒక్క అడుగు ఎక్కువేసి, అప్పుడు ఆగుతుంది.

ఆ ఒక్క అడుగు దగ్గరే మనిషికి చెమట పట్టేది.

సిపాయి చేతిలో ఏముందన్న దాని మీద మాత్రం క్యాంపులో మాట కలవలేదు. పఠాన్లు తుపాకీ అన్నారు. బెంగాలీలు కత్తి అన్నారు. నేపాలీలు కుక్రీ అన్నారు, అది వాళ్ళ హక్కు. మన తెలుగువాళ్ళు ఉన్నదే పదకొండు మంది, పదకొండు రకాలుగా చెప్పారు. ఎవడూ చూడలేదు కాబట్టి ఎవడూ తగ్గలేదు.

ఈ సంగతి నేను కరామాలో, మంచానికింత అని అద్దె కట్టే ఒక బెడ్‌స్పేస్ గదిలో, పై బంకు మీద దుప్పటి ముసుగేసుకుని విన్నాను. మధ్యలో బాత్రూంకి వెళ్ళాల్సొచ్చి, వెళ్ళకుండా తెల్లారేదాకా బిగబట్టుకున్నవాణ్ణి. కాబట్టి ఇందులో ఎవడి పిరికితనాన్నైనా వెక్కిరించినట్టు కనపడితే, అది వెక్కిరింపు కాదు, చుట్టరికం.

ఆ క్యాంపు వెనక గేటు వాచ్‌మన్ దేవదానం. నలభై మూడేళ్ళు. కోనసీమలో ఒక లంక. అంతకుముందు ఏడు ఎండాకాలాలు యార్డులో ఇనప ఊచలు మోశాడు. జూన్ నెలలో ఆ ఊచ పట్టుకుంటే గ్లవుజులో చెయ్యి ఉడికిపోయేది. ఇప్పుడు ఒక కేబిన్, అందులో ఒక ఏసీ, తిరిగే కుర్చీ, టార్చి, విజిలు. కుర్చీలో మొదటిసారి కూర్చున్న రోజు అతను గుండ్రంగా మూడుసార్లు తిరిగి, కళ్ళు తుడుచుకున్నాడని అంటారు.

ఆ కుర్చీ అతనికి ముత్తాత వల్ల వచ్చింది.

పాత వాచ్‌మన్ ఇంటికెళ్ళిపోయినప్పుడు, క్యాంపు చూసుకునే ఫైజల్ యార్డుకొచ్చాడు. మలబారు మనిషి. అందరూ ముదీర్, అంటే మేనేజరు, అనే అంటారు. "మీలో మిలిటరీ వాళ్ళెవరైనా ఉన్నారా?" అని హిందీలో అడిగాడు. ఎండ నెత్తి మీద ఉంది. దేవదానం చెయ్యి తనంతట తనే లేచింది.

"నువ్వు మిలిటరీనా?"

"మా నాన్న వాళ్ళ తాత, సాబ్. రెండు ప్రపంచ యుద్ధాలు. మొదటిదీ ఆయనే, రెండోదీ ఆయనే."

"ఒక్కడేనా?"

"మిగతావాళ్ళు కూడా వచ్చారు సాబ్."

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. జర్మనీవాళ్ళని పద్నాలుగు మందిని పడేశాడన్నాడు. గుళ్ళైపోతే బాయినెట్టుతో పొడిచాడన్నాడు. అబద్ధమాడుతున్నానని అనుకోలేదు కూడా. ఆయన గురించి ఇంట్లో అతనికి తెలిసినవి రెండే. ఏసోబు అనే పాలేరు రెండు యుద్ధాలకీ వెళ్ళి బతికొచ్చాడు. గోడ మీది ఫొటోలో ఆయనకి పెద్ద మీసం ఉంది. యుద్ధానికీ మీసానికీ మధ్య బోలెడంత ఖాళీ. దాన్ని దేవదానం నింపాడు.

"ఖూన్ మే మిలిటరీ," అన్నాడు ఫైజల్ మెచ్చుకోలుగా. కుర్చీ ఇచ్చాడు.

రక్తంలో మిలిటరీ ఉన్న ఆ మనిషి గదిలో లైటార్పితే నిద్రపోడు. బాత్రూంకి వెళ్తే పాట పాడుకుంటూ వెళ్తాడు. ఈ రెండూ తెలిసినవాడు కింద బంకు నాగబాబు. నరసాపురం వైపువాడు, ఇంకా యార్డులోనే ఉన్నాడు, తిరిగే కుర్చీ మీద వాడికీ కన్నుంది.

2023 జనవరి. వరసగా మూడు రోజులు పొగమంచు. చెయ్యి చాపితే వేళ్ళు కనపడవు. మూడు రోజులూ షెడ్డు దగ్గర టక్ టక్ వినపడింది. అంతే, రోజూ అటు నుంచి బస్సుకెళ్ళే అరవై మందీ వెనక దారిన నడవం అన్నారు. ముందు గేటు నుంచి మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి వెళ్ళారు. మూడు రోజులూ బస్సులు అరగంట లేటు.

మంగళవారం సాయంత్రం ఫైజల్ కేబిన్‌కి వచ్చాడు. కూర్చోలేదు.

"సైటు నుంచి ముగ్గురు ఫోన్ చేశారు. బస్సు ఎందుకు లేటని. దెయ్యం వల్ల అని చెప్పమంటావా?"

దేవదానం టార్చి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"రేపు పొద్దున్న నువ్వు ముందు నడుస్తావు. వాళ్ళు నీ వెనక. సిపాయి మునిమనవడివి, సిపాయితో నువ్వే మాట్లాడుకో."

"సాబ్, ఒకవేళ..."

"ఒకవేళ లేదు. రేపు గానీ ఎల్లుండి గానీ ఆ దారి ఆగిందంటే నువ్వు యార్డుకి, నాగబాబు ఈ కుర్చీలోకి. ఖలాస్."

ఫైజల్ వెళ్ళగానే కిటికీ అవతల టీ చప్పరించిన చప్పుడు. నాగబాబు.

"ఆయ్, సుబేదారు గారండి... ఈ కుర్చీ కాస్త కిందికి దిగుద్దాండి? నేను తమరంత పొడుగు కాదు కదండి."

దేవదానం కిటికీ మూసేశాడు.

రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. అందరూ లేవకముందే, తను ఒక్కడే ఆ దారిన ఒకసారి వెళ్ళి రావాలి. భయం పోగొట్టుకోడానికి కాదు. అరుపు ఎటూ వచ్చేదే, అది అరవై మంది ముందు కాకుండా ఒంటరిగా అరిచేసి వచ్చేద్దామని.

పావుతక్కువ నాలుగింటికి గేటు తీశాడు. మంచు... తెల్లటి దూది గోడలా. టార్చి వెలుగు మూరెడు దూరం వెళ్ళి అక్కడే ఆగిపోయింది. ఒక మనిషి గొంతైనా తోడుండాలని ఫోన్ తీసి ఊళ్ళో మేనత్త చిట్టెమ్మకి కలిపాడు. అక్కడ అయిదుంబావు. అత్త అప్పటికే లేచి పొయ్యి దగ్గరుంటుంది.

"అత్తా, నేను."

"ఏంట్రా ఈ వేళప్పుడు? తాగావా?"

"లేదత్తా. ఊరికే... నీ గొంతు వినాలనిపించి."

"తాగావు."

"అత్తా, నీకు తెలుస్తాది గదా అని అడుగుతున్నా. ఏసోబు తాత యుద్ధంలో, చీకట్లో, ఎదుటోడు మీదికొస్తే ఏం చేసేవోడు?"

"ఎదుటోడెవడు?"

"శత్రువు."

అత్త నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గింది. దేవదానం ఈలోగా ఇరవై అడుగులు నడిచాడు.

"శత్రువెక్కడ్రా. తాత కంచరగాడిదలు తోలాడు."

దేవదానం ఆగిపోయాడు.

"రెండు యుద్ధాల్లోనూ?"

"రెండిట్లోనూ. మొదటిసారి బస్రా, రెండోసారి బర్మా. వాటి మీద పిండి బస్తాలూ నీళ్ళ తోలుసంచులూ వేసి తోలడమే. తుపాకీ ముట్టుకోలేదు. ఎవడైనా పేలిస్తే చెవుల్లో గుడ్డలు కుక్కుకునేవోణ్ణని నాతో ఎన్నిసార్లు చెప్పాడో. చిట్టీ చిట్టీ అని నన్ను చంక దించేవోడు కాదు. ఆయన పోయేనాటికి నేను పన్నెండేళ్ళ పిల్లని, నాకన్నీ గుర్తే."

"మరి మిలిటరీలోకి ఎలా తీసుకున్నారే?"

"సర్కారోళ్ళొచ్చి మొండి జంతువులతో వేగేవోళ్ళు కావాలన్నారంట. మా కామందు కింద పదేళ్ళు పాలేరు చేశాను బాబూ అన్నాడంట. వెంటనే రాసేసుకున్నారు. రెండోసారికి వయసు దాటిపోతే మీసానికి ఆముదం మసి పూసుకుని వెళ్ళాడు."

"ఒకసారి చూసొచ్చాక మళ్ళీ ఎందుకెళ్ళాడత్తా?"

"ఇక్కడ ఒరేయ్ అనేవోళ్ళు. అక్కడ పేరు పెట్టి పిలిచేవోళ్ళంట. తప్పుగానే పలికేవోళ్ళంట... అయినా పేరే గదరా."

మంచులో రేకుల షెడ్డు నల్లగా మసకమసగ్గా తేలింది. దేవదానం గొంతు తగ్గించాడు. ఇప్పుడతని వెనక పద్నాలుగు మందిని పడేసిన వీరుడు లేడు. చెవుల్లో గుడ్డలు కుక్కుకున్న ముసలాయన ఉన్నాడు. తోడుకి ఆయనే గతి.

"అత్తా... చీకట్లో అవి బెదిరితే?"

"ముందునుంచి లాగకూడదనేవోడు. లాగితే చచ్చినా కదలవంట. ఎడం పక్కన నిలబడి, మెడ మీద చెయ్యేసి, మెల్లగా ఇంటికాడి కబుర్లు చెప్పాలంట. ఏ కబురైనా పర్లేదు, గొంతు మాత్రం ఆగకూడదు. బస్రా గాడిదలన్నిటికీ మన లంకలో ఎవరు ఎవరితో మాట్లాడరో తెలుసురా అనేవోడు. ఆయనకీ అంతే, ఊరి కబుర్లంటే ప్రాణం. ఎక్కడున్నా..."

నెట్ కట్టయింది.

టక్.

దేవదానం ఒంట్లో రక్తం, మిలిటరీతో సహా, పాదాల్లోకి దిగిపోయింది.

టక్... టక్...

షెడ్డు వెనక నుంచి. తొందర లేకుండా. పరుగెత్తుదామనుకున్నాడు. కాళ్ళకి ఆ కబురు అందలేదు. అరుద్దామనుకున్నాడు. దాని కోసమే వచ్చాడు కదా, తీరా నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

టక్... టక్... టక్.

ఆగింది. సరిగ్గా వీపు వెనక.

మెడ మీద ఊపిరి. వెచ్చగా. తడిగా. మనిషిది కానంత పెద్దగా...

కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో నేర్చుకున్న ప్రార్థన మొదలెట్టి, సగంలో మర్చిపోయి, మళ్ళీ మొదలెట్టాడు. రెండోసారి సగానికి వచ్చేసరికి ఒక అనుమానం వచ్చింది.

సిపాయి ఊపిరి గడ్డి వాసన వేస్తుందేంటి?

ఒక కన్ను తెరిచాడు. టార్చి తిప్పాడు.

రెండు పొడుగాటి చెవులు. మధ్యలో, లోకమంటే విసుగెత్తిన ముఖం. నోట్లో సిమెంటు బస్తా కాగితం ముక్క, సగం నమిలింది. మెడకి తెగిన తాడు.

గాడిద.

దేవదానం నేల మీద కూలబడి నవ్వాడు. గిట్టల చప్పుడుకి భయపడి అరవై మంది మగాళ్ళు మూడు రోజులు ఊరంతా చుట్టూ తిరిగారు! నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, తాడు పట్టుకుని, దీన్ని గేటు దాకా లాక్కెళ్ళి అందరి ముందూ నిలబెడదామని లాగాడు.

కదల్లేదు.

గట్టిగా లాగాడు. గాడిద నాలుగు కాళ్ళూ నేలలో పాతేసింది. గేటు వైపు నుంచి మాటలు వినపడుతున్నాయి. జనం లేచారు. నాలుగూ ఇరవై. ఇంకో పది నిమిషాల్లో బస్సు.

అప్పుడు తాడు వదిలేశాడు. ఎడం పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. మెడ మీద చెయ్యేశాడు. సిగ్గేసింది, అయినా మంచులో చూసేదెవరు.

"మన కాలవ మీద వంతెన ఇంకా కట్టలేదు," అన్నాడు మెల్లగా. "శంకుస్థాపనలు మాత్రం రెండైనాయి. మా తమ్ముడు ప్రసన్నకుమార్‌కి మళ్ళీ ఆడపిల్లే. పోలికలన్నీ అత్తగారివి అని వాడు ఏడుస్తున్నాడు..."

గాడిద ఒక చెవి తిప్పింది.

"చర్చికి కొత్త మైకు కొన్నారు. దేవుడికి వినపడుతుందో లేదో గానీ అవతల లంకవాళ్ళు నిద్రపోవట్లేదంట..."

టక్.

నడిచింది.

మంచు చీల్చుకుని గాడిద, దాని మెడ మీద చెయ్యేసుకుని దేవదానం గేటు దగ్గరకొచ్చేసరికి, అరవై మందీ ఒక్క క్షణం నోళ్ళు తెరిచి, ఆ తర్వాత పడీపడీ నవ్వారు. పఠాన్లు వంగి సిపాయికి సలాం కొట్టారు. ఎవడో దాని నెత్తిన హెల్మెట్ పెట్టాడు. అందరూ ఈలలేసుకుంటూ షెడ్డు పక్క నుంచే బస్సు వైపు నడవడం మొదలెట్టారు.

"మిలిటరీ," అని ఫైజల్ భుజం తట్టాడు. "ఎవరు నేర్పారు నీకిది?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. మా ముత్తాత తోలింది గాడిదల్నే సాబ్, జర్మనీవాళ్ళని నేనే చంపాను అని నోటిదాకా వచ్చింది. ఫైజల్ వెనక నాగబాబు నిలబడి ఉన్నాడు. కుర్చీ గుర్తొచ్చింది.

"రక్తంలో ఉంది సాబ్," అన్నాడు.

ఆ సాయంత్రం ఒక బలూచీ ముసలాయన వెతుక్కుంటూ వచ్చాడు. హైవే అవతల జంతువుల దొడ్డిలో పని చేస్తాడు. గాడిదని చూసి, మెడ కౌగలించుకుని, దానికి వినపడేలా నాలుగు తిట్లు తిట్టాడు.

"ఎలా తప్పిపోయింది చాచా?" అనడిగాడు దేవదానం.

"లారీలో తీసుకెళ్తుంటే టైరు పోయింది. ఇక్కడ వర్క్‌షాపులో మార్పించుకుంటుంటే దూకి పారిపోయింది. శనివారం."

"ఏ శనివారం?"

"ఏ శనివారమేంటి బేటా. మొన్న శనివారం."

ఫైజల్ టీ తెప్పించాడు. నాగబాబు గాడిదతో సెల్ఫీ దిగాడు. గాడిద లారీ ఎక్కింది, లారీ వెళ్ళిపోయింది, అందరూ చేతులూపారు.

దేవదానం ఊపలేదు. వేళ్ళు మడుస్తున్నాడు. శనివారం, ఆదివారం, సోమవారం, మంగళవారం, ఇవాళ. అయిదు రోజులు.

షెడ్డు దగ్గర చప్పుడు... రెండు చలికాలాల నుంచి ఉంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఫైజల్ ముందే చెప్పాడు. రేపు గానీ, ఎల్లుండి గానీ.

గురువారం తెల్లవారుజాము. మంచు అలాగే ఉంది, ఇంకా చిక్కగా. నాలుగున్నరకి గేటు తీశారు. దేవదానం ముందు, వెనక అరవై మంది. ఒకడు గాడిదలా ఓండ్ర పెట్టాడు. అందరూ నవ్వారు. గేటు దగ్గర ఫైజల్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

యాభై గజాలు. డెబ్భై. షెడ్డు మసగ్గా కనపడింది.

టక్.

నవ్వు ఎక్కడిదక్కడ తెగిపోయింది.

టక్... టక్...

దేవదానం ఆగాడు. వెనక అరవై మందీ ఆగారు. చప్పుడు — ఒక్క అడుగు ఎక్కువేసి — ఆగింది.

"ఒరేయ్ దానం..." నాగబాబు గొంతు. వెక్కిరింపు లేదు అందులో. "నిన్నటిది వెళ్ళిపోయింది గదరా."

వెనక చెప్పులు ఈడ్చిన చప్పుడు. ఒకడు తిరిగాడు. ఇంకొకడు తిరగబోతున్నాడు. ఒక్కడు పరుగెత్తితే అరవై మందీ పరుగే, ఆ పరుగు చివర ఫైజల్ ఉన్నాడు, ఆయన వెనక యార్డు ఉంది, యార్డులో జూన్ నెల ఉంది.

"రెండున్నాయి," అన్నాడు దేవదానం.

"ఏంటి?"

"గాడిదలు. దూకినవి రెండు. ఇది రెండోది, కాస్త బెదురుగొడ్డు. టార్చీలు వెయ్యకండి. మాట్లాడకండి. నా వెనకే రండి. యల్లా."

అంత ధైర్యంగా అబద్ధమాడటం అతని జీవితంలో అదే మొదలు. పద్నాలుగు మంది జర్మనీవాళ్ళు దీని ముందు లెక్కలోకి రారు.

చప్పుడు వినపడిన చోటికి నడిచాడు. ఎడం పక్కకి అని లెక్కేసుకుని నిలబడ్డాడు. అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. చెవుల్లేవు. తాడు లేదు. గడ్డి వాసన మాత్రం ఉంది... దాంతోపాటు ఇంకో వాసన, కాస్త ఆముదంలా.

గాడిద మెడ ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకి చెయ్యి చాచాడు. వట్టి గాల్లోకి.

చెయ్యి కిందికి జారలేదు. దేని మీదో ఆనుకున్నట్టు, అక్కడే నిలిచింది.

తియ్యలేదు. తీస్తే పరుగెడతానని అతనికి తెలుసు. నోరు తెరిచాడు.

"కాలవ మీద వంతెన... ఇంకా కట్టలేదు," అన్నాడు. "శంకుస్థాపనలు రెండైనాయి."

టక్.

నడిచింది. అతనూ నడిచాడు. వెనక అరవై మంది ఒకరి భుజం ఒకరు పట్టుకుని, చీమల బారులా.

ప్రసన్నకుమార్ కూతురి సంగతి చెప్పాడు. చర్చి మైకు చెప్పాడు. లంక గట్టు కోసుకుపోయి మూడిళ్ళు ఏట్లో కలిసిన సంగతి చెప్పాడు. అప్పుడు అడుగులు కాస్త నెమ్మదించాయి, మళ్ళీ సాగాయి. బస్సు దీపాలు పసుపు పచ్చగా కనపడ్డాయి. ఇంకో ఇరవై గజాలు. కబుర్లు అయిపోతున్నాయి. గొంతు ఆగకూడదు...

"ఇంకా... ఇంకా ఏముంది... చిట్టెమ్మత్తకి మోకాళ్ళ నొప్పులంట. మెట్లెక్కలేకపోతోంది పాపం."

చప్పుడు ఆగింది. ఈసారి ఒక్క అడుగు కూడా ఎక్కువ వెయ్యలేదు.

అతని చెవి పక్కన, మంచులోంచి, ఒక ముసలి గొంతు నమ్మలేనట్టు అడిగింది:

"మన చిట్టికి... అప్పుడే మోకాళ్ళ నొప్పులేంట్రా?"